గొర్రెపిల్లల గంప మీది బుగ్గ

నా కండ్లు మంచిగున్నయ్. గీ ముచ్చట ముందుగాల చెప్పుడెందుకంటె, మా ఊర్ల నా కండ్ల గురించి మాట్లాడని మనిషి లేకుండె. బోరింగు కాడికి నీళ్ళకు పోయినా గదే ముచ్చట, కిరాణం దుకాణం కాడ నిలబడినా గదే ముచ్చట. కండ్లు పోయిన కుట్టుపిల్ల అని పేరు బెట్టిండ్రు. ఆ పేరు ఎట్ల వచ్చింది, ఎట్ల పోయింది, మొత్తం చెప్త.

మాది మాడుగులపల్లి దగ్గర ఊరు. మా ఆయన మిర్యాలగూడల ఒక రైసుమిల్లు లారీ నడుపుతడు. బియ్యం బస్తాలేసుకొని కోదాడ మీదికెళ్ళి ఆంధ్ర దిక్కు పోతుంటడు, రెండు మూడు దినాలకోసారి ఇల్లు చేరుతడు. మా అత్తకు గొర్లు. మా మామ లేడు, మంద మొత్తం ఆమె చేతి మీదనే నడుస్తది. నేను రెండువేల ఒకటిల కోడలుగ వచ్చినప్పుడు అమ్మగారింటి నుంచి కుట్టు మిషన్ తెచ్చుకున్న, కాలుతోని తొక్కేది. మా అత్త దాని సుట్టూ తిరిగి సూసి, "ఇది పాలిస్తదా, ఈన్తదా" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగనే అడిగింది. ఆమె ఇంట్ల ఉన్న ప్రతిది ఏదో ఒకటి చెయ్యాలె.

పాలియ్యలె, ఈనలె గని, మా పిల్లల బడి బట్టలు, పుస్తకాలు గా మిషన్ మీదనే ఎల్లినయ్. జాకిట్లు, లంగాలు కుడ్దును, చీరెలకు ఫాల్ కుడ్దును. ఫాల్ అంటె తెలుసుగదా, చీరె కింది అంచుకు లోపటి దిక్కు వేసే గుడ్డ పట్టీ. అది చీరె రంగుల కలిసిపోవాలె, కనపడొద్దు. నేను జర కోపిష్టిదాన్ని. ఆది జాకిట్ తేకుండ నోటితోని కొలతలు చెప్పేటోళ్ళను ఎనకకు తోలుదును. అయినా నా కాడికే వచ్చేటోళ్ళు, ఎందుకంటె నా కుట్టు అసొంటిది. గొప్పలనుకుంటె అనుకోండ్రి.

కాని నేను మిషన్ మీద కూసునేది పొద్దుగూకినంకనే. పొద్దంత వంట, పిల్లలు, గొర్లకు మేత. పొద్దుగూకె యాలకు ఇంట్ల పని తెములుతది, గప్పుడే కరెంటు సచ్చిపోతది. పోదు, సస్తది. బాయిల కాడ మోటర్లన్నీ ఒక్కసారి ఆన్ జేస్తె ఊర్లకు ఏం మిగుల్తది? ట్యూబులైటు పట్‌పట్‌మని కొట్టుకుంటది గని ఎలగదు. ఎప్పుడన్న ఎలిగిందా, వరి పొట్టకొచ్చిన దినాలల్ల పచ్చపురుగులు తెప్పలుగ వచ్చి గుడ్డల మీద రాల్తయ్. నూనె రాసిన కాగితం పక్కన ఏలాడగట్టినా ఆగయ్. ఇగ మిగిలింది వంద క్యాండిల్ బుగ్గ. బల్బును మేం బుగ్గనే అంటం. లోపటి తీగ ఎర్రగ కనపడేటంత సన్నగ ఎలుగుతుండె. గా ఎలుతురులనే పన్నెండేండ్లు కుట్టిన.

మా ఊర్ల నాట్లేసే ఆడోళ్ళ ముఠాకు ఒక పెద్దామె ఉన్నది. నేను పెద్దమ్మ అని పిలుస్త, ఆమె నన్ను బిడ్డా అంటది. గట్టు మీద నిలబడి ఆమె ఒక్క కేకేస్తె ఇటు మడిల వంగినోళ్ళు అటు మడిదాక లేవరు. వాళ్ళది చర్చికి పోయే ఇల్లు. పెద్ద బిడ్డకు పెండ్లి కుదిరితె సూర్యాపేట పోయి చీరె కొనుకొచ్చి నా చేతుల పెట్టింది. తెల్ల పట్టుచీరె. వాళ్ళల్ల పెండ్లిపిల్ల తెల్లదే కడ్తది. మా పెండ్లిండ్లల్ల అంత పసుపే, నేను గప్పటిదాక పెండ్లి కోసం తెల్లచీరె పట్టుకోనేలేదు. పాలమీగడ లెక్క మెత్తగుండె. "జాకిట్ కుట్టు, ఫాల్ కుట్టు బిడ్డా, నాట్లు ఒడువంగనే పెండ్లి" అని చెప్పి మళ్ళ పొలానికి పోయింది.

రంగు సూసుడు పగటీలి, కుట్టుడు పొద్దుగూకినంక. అది నా పద్ధతి. గుడ్డను వాకిట్లకు తెచ్చి ఎండల పెట్టి సూసినంకనే దారం తీస్త. కాని గా వారం మా అత్తకు జరమొచ్చింది. వానకాలం, గొర్లను ఇడిసిపెడ్తె పక్కోళ్ళ నారుమడిల పడ్తయ్. పొద్దంత మందెంబడి నేనే తిరిగిన. పొద్దుగూకినంక బుగ్గ కింద కూసోని, ఫాల్ పట్టీల కట్ట ఇప్పి తెల్లది తీసి కుట్టిన. తెల్లదే అనుకున్న. కుట్టు మాత్రం ఎంత సన్నగ వేసిన్నంటె, దారం ఏడుందో నాకే దొరకలె. మడత పెట్టి, కవర్ల ఏసి, మొగులు పట్టిన చీకటి పొద్దుల ఇచ్చొచ్చిన. వాళ్ళు గూడ పెండ్లినాడు తెల్లారకముందే బుగ్గ కిందనే మడత ఇప్పి కట్టిండ్రట.

పెండ్లికి నన్ను పిలిసిండ్రు, పోయిన. చర్చిల వాకిలి పక్కనే ఎనక వరుసల కూసున్న. పెండ్లిపిల్ల మెట్లెక్కుకుంట కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నది. బయట ఎండ ఫెళ్ళున కాస్తుంది. తెల్లచీరె అంచు పొడుగూత నిమ్మపండు రంగు పట్టీ. ఎత్తినప్పుడే కాదు, దించినా చీరెల నుంచి పచ్చగ కనపడుతనే ఉంది. నా ముంగటి వరుసల ఇద్దరు ఒకరి మొఖం ఒకరు సూసుకున్నరు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దమ్మ నన్ను తిట్టలె. తిడ్తె నేను గూడ రెండు మాటలందును, ఖతమయిపోతుండె. అన్నాలు తినేటప్పుడు నా పక్కకొచ్చి మెల్లగ, "కండ్లు సూపించుకో బిడ్డా" అన్నది. అంతే. ఆ మాట పక్కోళ్ళు విన్నరు, పక్కోళ్ళ నుంచి ఊరు విన్నది.

ఇగ సూడు. జాకిట్ గుడ్డలు మిర్యాలగూడ పోవుడు షురూ అయినయ్. ఇచ్చినోళ్ళు గూడ వచ్చి, "అర్జెంటు లేదులే" అని వాపసు తీస్కపోయిండ్రు. నాకు ఉక్రోషం వచ్చింది, దాని కింద భయం గూడ ఉండె. నిజంగనే కండ్లు పోతున్నయేమో. ఇంకా పిల్లలు చిన్నోళ్ళు, ఎన్నేండ్లు కుట్టాలె నేను. సూదిల దారం ఎక్కిచ్చుకుంట ఒకటికి పదిసార్లు సూసుకునేదాన్ని. దారం ఎక్కేది. అయినా భయం పోకపాయె.

మా ఆయన మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు గోడ మీది అక్షరాలు సదివిచ్చిండు, అద్దాలు మార్చి మార్చి సూసిండు, రంగుల చుక్కల పుస్తకం గూడ తిప్పిచ్చిండు. "నీ కళ్ళకేం కాలేదమ్మా, నాకంటే నీకే బాగా కనబడుతుంది. ఎలాంటి లైటు కింద కుడుతున్నావ్?" అని అడిగిండు. బుగ్గ కింద అని చెప్పిన. ఆయన నవ్వి, "తప్పు ఆ బల్బుదే" అని, లైన్ల ఉన్న ఇంకో మనిషిని పిలిసిండు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది. నాది కాని తప్పుకు నెలలకొద్ది తల దించుకొని తిరిగిన.

ఇంటికొచ్చి ఎండల అన్ని పట్టీలు పరిసిన. తెల్లది, మీగడది, నిమ్మపండుది, దేనికది సక్కగ కనపడుతుంది. పొద్దుగూకినంక గవే పట్టీలు బుగ్గ కింద పరిసిన. మూడూ ఒక్కటే. మా ఆయనను పిలిసి తెల్లది తియ్యమన్న. తల గోక్కుండు. "మూడు తెల్లయే గదనే" అన్నడు. నా కడుపు సల్లవడ్డది. కాని ఊరందరిని పిలిసి తమాషా సూపియ్యలేను గదా. ఎలుతురు మార్చాలె.

గుండ్రంగ మెలికలు తిరిగిన సీఎఫ్ఎల్ తెచ్చినం. అది మా కరెంటుకు దడుసుకొని నెలకే నల్లబడ్డది. చలికాలం ఎల్లకముందే మా ఆయన మిల్లు కాడి నుంచి వచ్చి చెప్పిండు. "మిల్లుల యార్డు లైట్లన్ని మార్చిండ్రే. ఎల్ఈడీ అంట. నిన్న ఓల్టేజీ పడిపోయి మోటర్లు ఆగినయ్ గని, గా లైట్లు మాత్రం అట్లనే ఎలుగుతున్నయ్." నేను అన్నం కలుపుడు ఆపిన. "ఇంటికి దొరుకుతయా" అన్న. ఆయన లారీ తీస్కొని కోదాడ పోయిండు, ఎలక్ట్రికల్ షాపుల అడిగి తెచ్చిండు. షాపాయన మాట గూడ అట్లనే చెప్పిండు, ఆంధ్ర యాసల: "మీ ఊళ్ళో కరెంటు ఎలా ఉన్నా పర్లేదండీ, తీసుకెళ్ళండి, వెలక్కపోతే నా దగ్గరికి తీసుకొచ్చేయండి." గా రేటుకు నెల సరుకులొస్తయని మా అత్త గొణిగింది.

పొద్దుగూకింది. ఊర్ల మోటర్లు మొదలైనయ్. ట్యూబులైటు పట్‌పట్ అన్నది. మా ఆయన స్టూలెక్కి బుగ్గ తీసి ఎల్ఈడీ పెట్టి స్విచ్చేసిండు. గది అంత తెల్లగ తెల్లారినట్టయింది. నేను పట్టీల కట్ట ఇప్పి మిషన్ మీద పరిసిన. తెల్లది తెల్లగ, మీగడది మీగడ లెక్క, నిమ్మపండుది నిమ్మపండు లెక్క. ఏడ్పు, నవ్వు రెండు ఒక్కసారొచ్చినయ్. "ఏందే, దయ్యం పట్టిందా" అన్నడు మా ఆయన. పట్టింది, ఏమనుకుంటవో అనుకో అన్న.

ఇగ నన్ను ఆపేటోడు లేడు. వంటింట్ల మార్చిన, వాకిట్ల మార్చిన, పందిట్ల మార్చిన, గొర్లదొడ్డి దడి మీద బుగ్గ గూడ మార్చిన. వాకిట్ల కూసోని బియ్యం ఏరుకోవచ్చు. దొడ్డి బయట కుక్క తిరిగినా కనపడ్తుంది. దీన్ని ఆపొద్దు, ఇదేం కరెంటు తినదు అని మా అత్తకే పాఠం చెప్పిన. గొర్లు ఈనుతుండె. అప్పుడే పుట్టిన పిల్లలను మా అత్త పెద్ద గంప కింద కమ్మి, గంప మీద ఒక బుగ్గ ఏలాడగడ్తది. నేను దాన్ని గూడ తీసేసి ఎల్ఈడీ పెట్టిన. ఇంట్ల పసుపు బుగ్గ ఒక్కటన్న ఉండొద్దని నా పంతం.

తెల్లారి సూస్తె గంప కింద పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గజగజ వణుకుతున్నయ్. మా అత్త గా ఎల్ఈడీని చేతితోని పట్టుకొని సూసింది. సల్లగ ఉన్నది. నా దిక్కు తిరిగి, "నీ బుగ్గ సూసేటందుకే పనికొస్తది పిల్లా, నాది కాగేటందుకు" అన్నది. పిల్లలను కొంగుల చుట్టుకొని పొయ్యి కాడ కూసున్నది. ఒక్కటి గూడ సావలె, గది మాత్రం నా అదృష్టం. నేను నోరు మూసుకొని పాత వంద క్యాండిల్ బుగ్గ తెచ్చి గంప మీద మళ్ళ కట్టిన. గా ఒక్క బుగ్గ మా ఇంట్ల అట్లనే మిగిలింది.

ఎలుతురు వచ్చింది గని, గిరాకి రాలె. పేరు పోయినంక ఎంత ఎలుతురు పెట్టుకుంటె ఎవరు సూస్తరు. మా అత్త కొన్ని నెలలు సూసింది. "ఎలుతురు మంచిగుంది, కుట్టేటందుకు గుడ్డ ఏది" అన్నది. అమ్ముదామని ఆమె పిలిపిస్తె త్రిపురారం కాడి నుంచి ఒకాయన వచ్చి మిషన్ సూసిపోయిండు. వచ్చేవారం ట్రాలీ తీస్కొని వస్తనన్నడు. మా ఆయన నా మొఖం సూడకుండ చెప్పులు తొడుక్కుంట, "అమ్మకు ఎదురు చెప్పలేనే" అన్నడు. నేను పోయి మిషన్ మీద గుడ్డ కప్పిన. నా అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న ఒక్కటే వస్తువు అది, దాన్ని ఎవరో ట్రాలీల ఏస్కపోతరు.

తెలంగాణ వచ్చిన ఏడు, క్రిస్మస్‌కు ముందు ముచ్చట ఇది. పెద్దమ్మ చిన్న బిడ్డకు పెండ్లి కుదిరింది. పెండ్లి చీరె సూర్యాపేటల కుట్టిస్తదంట అని బోరింగు కాడ విన్న. గా తెల్లారి పొద్దుగూకె యాలకు పెద్దమ్మ మా ఇంటికే వచ్చింది. నా కోసం కాదు, విందుకు పొట్టేళ్ళు సూసేటందుకు మా అత్త కాడికి వచ్చింది. వాకిట్ల మంచం మీద కూసున్నది. ఇయ్యాల అడగకపోతె ఇగ లేదనుకున్న.

"పెద్దమ్మా, జర లోపటికి రా" అన్న. ఎల్ఈడీ ఏసి, మిషన్ మీది గుడ్డ తీసిన, పట్టీలన్ని కుప్పేసిన. "గిండ్ల తెల్లయి తీసి ఇయ్యి." ఆమె నా మొఖం ఎగాదిగ సూసింది. ఏం పిచ్చి ఇది అనుకున్నదేమో. అయినా ఒంగి, టకటక తెల్ల పట్టీలు ఏరి నా చేతుల పెట్టింది. "ఇగో" అన్నది.

మళ్ళ కుప్పల కలిపి, కుప్ప పట్టుకొని ఆమెను దొడ్లెకు తీస్కపోయిన. గంప మీద బుగ్గ ఎర్రగ ఎలుగుతుంది. యాసంగి మడులకు నీళ్ళు పెడ్తుండ్రు, ఓల్టేజీ నేల మీదున్నది. కింద గొర్రెపిల్లలు మ్యామ్యా అంటున్నయ్. మా అత్త పొట్టేలు తాడు పట్టుకొని అట్లనే సూస్తుంది. దడి మీది ఎల్ఈడీ స్విచ్చు ఆపిన. "ఇప్పుడు తియ్యి పెద్దమ్మా." ఆమె ఈసారి నిదానంగ తీసింది. ఒక్కో పట్టీ పైకెత్తి, బుగ్గ దగ్గర పెట్టి సూసి, ఏరి ఇచ్చింది. ఆమె కూడా ఏదో పందెమని అర్థం చేసుకుంది, ఓడే మనిషి కాదు. గవి పట్టుకొని మళ్ళ ఇంట్లకు తీస్కొచ్చి మిషన్ మీద పరిసిన.

మీగడది ఒకటి, నిమ్మపండుది ఒకటి. తెల్లయి రెండే.

పెద్దమ్మ నిమ్మపండు పట్టీని పట్టుకొని అటు ఇటు తిప్పి సూసింది. ఎల్ఈడీ దిక్కు సూసింది, దొడ్డి దిక్కు సూసింది. "నాకు గూడ కండ్లు పోయినయా" అన్నది.

"నీ కండ్లు మంచిగున్నయ్ పెద్దమ్మా" అన్న. "నా కండ్లు గూడ మంచిగున్నయ్. గప్పుడు గూడ మంచిగనే ఉండె."

ఆమె పొట్టేలును బేరం గూడ ఆడకుండ ఖాయం చేసి ఎల్లిపోయింది. ఇగ రాదనుకున్న. మా అత్త తాడు కట్టేసి వచ్చి, మిషన్ ముంగట నిలబడి, ఎల్ఈడీని సూసి, పట్టీలను సూసి, "గంప కాడ నాకు గూడ తెల్లయే అనిపించినయ్" అన్నది. త్రిపురారం ఆయన మాట ఎత్తలె.

తెల్లారి ఎండెక్కినంక పెద్దమ్మ వచ్చింది. చేతుల రెండు కవర్లు. ఒకదాంట్ల చిన్న బిడ్డ కొత్త చీరె. రెండోది ఇప్పి వాకిట్ల నా ముంగట పెట్టింది. పెద్ద బిడ్డ చీరె. గా తెల్ల పట్టుచీరె, నిమ్మపండు పట్టీతోని, పెట్టిన మడత పెట్టినట్టే. "పెండ్లినాడు కట్టింది, మళ్ళ కట్టలె బిడ్డా. పెట్టెల పెట్టుకుంది. చెల్లె పెండ్లికి అదే కడ్తనంటుంది" అన్నది. నేను కవరు పట్టుకొని లోపటికి పోయిన. ఆమె ముంగట ఏడ్సుడు నాకిష్టం లేదు.

ఒక్కో పోగు తెగకుండ పాత కుట్టు ఇప్పిన. నేను వేసిన కుట్టు నేనే ఇప్పుకుంట, ఎంత సన్నగ వేసిన్నే అని నన్ను నేనే మెచ్చుకున్న, ఏం చెయ్యను. పగటీలి ఎండల రంగు సూసిన, పొద్దుగూకినంక ఎల్ఈడీ కింద మళ్ళ సూసిన, రెండుసార్లు ఒక్కటే చెప్పినంకనే సూది పట్టిన. రెండు చీరెలకు తెల్లగ కుట్టిన. ట్రాలీ ఆయన వస్తె మా అత్త వాకిట్లనే ఆపి, "కోడలికి తీరిక లేదు, పెండ్లి పనున్నది" అని తోలేసింది. ఇప్పిన నిమ్మపండు పట్టీ మా అత్తకే ఇచ్చిన. గంప మీద బుగ్గ వైరు ఊగకుండ కట్టుకున్నది.

పెండ్లినాడు నేను ఎనక వరుసల కూసోలె. చర్చి మెట్ల కాడనే నిలబడ్డ, దాగేది ఏమున్నదని. అక్కచెల్లెండ్లు ఇద్దరు పక్కపక్కన వచ్చిండ్రు. చిన్నది కొత్త తెల్లచీరెల, పెద్దది పాత తెల్లచీరెల. ఎండ ఫెళ్ళున కాస్తుంది. మెట్టు కాడికి రాంగనే ఇద్దరు కుచ్చిళ్ళు ఎత్తిండ్రు. కింది నుంచి మీదిదాక తెలుపు, అంచుల తెలుపు, లోపట తెలుపు.

ఎనక నుంచి ఎవరో పరాయి ఊరామె అడిగింది, ఏడ గుట్టిచ్చిండ్రు, సూర్యాపేటలనా అని. పెద్దమ్మ గట్టు మీద నాట్లోళ్ళను పిలిసే గొంతుతోని అందరికి ఇనపడేటట్టు చెప్పింది. "సూర్యాపేట ఎందుకు, మా బిడ్డ కుట్టింది. మా ఊర్ల అందరికంటె కండ్లు మంచిగున్నది ఆమెకే." నేను గా చీరెల అంచులనే సూస్తున్న. నీళ్ళొచ్చి అవి మసకమసకగ కనపడినయ్.